మందు ఉంది, చెప్పుకునే చోటే లేదు



పోడు పట్టాలు, డీఎస్సీ, స్కాలర్‌షిప్పుల మీద పేజీలకు పేజీలు రాసుకుంటాం. ఈ విషయానికి వచ్చేసరికి మాత్రం మనందరికీ నోరు పెగలదు. అందుకే రాస్తున్నాం. సెగ, సవాయి, గజ్జల్లో బిళ్లలు... వీటన్నిటికీ కలిపి 'సుఖవ్యాధులు' అని పేరు పెట్టారు. అందులో సుఖం ఎవరికి కనబడిందో ఏమో!

మందుల్లేవని అనుకోకండి. సీహెచ్‌సీలో వైద్యం ఉచితమే. కొన్నిచోట్ల సురక్ష క్లినిక్ అని బోర్డు కూడా ఉంటుంది. ల్యాబ్ రిపోర్టు కోసం తిప్పకుండా, లక్షణాన్ని బట్టి అదే రోజు మందు ఇచ్చే పద్ధతి ఏళ్ల నుంచీ ఉంది. 1 నుంచి 7 దాకా నంబర్లున్న కిట్లు, ఒక్కోదానికి ఒక్కో రంగు. మగవాళ్లకు చీము కారితే బూడిద రంగుది, ఆడవాళ్లకు తెల్లబట్టయితే ఆకుపచ్చది, పొత్తికడుపు నొప్పికి పసుపుది. (తెల్లబట్ట అయిన ప్రతిసారీ అది ఒకరి నుంచి అంటిందే అనుకోవద్దు. ఈ ముక్క తెలియకే ఎన్ని ఇళ్లల్లో అనుమానాలో.)

మరి మనవాళ్లు ఎందుకు పోవట్లేదు? ఓపీ చీటీ దగ్గరే "ఏమైంది?" అని గట్టిగా అడుగుతారు. వెనక లైన్లో మేనమామ, చీటీ రాసేది పక్కూరి అన్న. లోపల తలుపుండదు, పరదా కూడా ఉండదు. తెలుగు సరిగా రాని కోయ అక్కకో, కువి మాట్లాడే పెద్దమ్మకో కొడుకో మరిదో మాట చెప్పాలి. మరిది ముందు ఆమె ఏం చెబుతుంది? కడుపు నొప్పి అంటుంది, గ్యాస్ మాత్రలు తెచ్చుకుంటుంది. మగవాళ్లేమో సంత రోజు ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది వేయించుకుని, మంట తగ్గగానే మానేస్తారు. రోగం లోపలే ఉంటుంది. దీన్నే ఆఫీసర్లు "ఆదివాసీలకు అవగాహన లేదు" అంటారు. ఒక గది, ఒక తలుపు ఇచ్చి చూడమనండి ముందు.

మన పెద్దన్నలు కొందరు, ఇవి బయట మాట్లాడితే తెగకు చెడ్డపేరు అంటున్నారు. వాళ్ల బాధ అర్థమవుతుంది, మన పెళ్లి ఆచారాల మీద బయటోళ్లు ఎన్ని కూతలు కూశారో మనకు తెలుసు. కానీ దాచిపెడితే నష్టం ఎవరికి? వైద్యం అందకపోతే కొందరికి గర్భనాళాలు మూసుకుపోతాయి. మిరప కోతకో, పట్నం కూలికో పోయి మొగుడు తెచ్చింది అయినా గొడ్రాలు అనిపించుకునేది మన చెల్లే. సవాయి ఉన్న గర్భిణికి మందు పడకపోతే బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు. రక్తపరీక్ష చేసి, టైముకి పెన్సిలిన్ సూది వేస్తే ఆపగలిగే చావు అది.

తమ్ముళ్లూ, ఇంకో మాట. భార్య ఒక్కతే మందు వాడితే సరిపోదు, మీరు వాడకపోతే మళ్లీ మీ నుంచే ఆమెకు అంటుకుంటుంది. ఆమె చేత చీటీ పంపించి మీరు ఇంట్లో కూర్చోవడం ఏం మగతనం?

వచ్చే ఐటీడీఏ దర్బార్‌లో అర్జీ ఇద్దామనుకుంటున్నాం. ఈ వైద్యానికి తలుపున్న గది కావాలి, మన భాష వచ్చిన ఒక ఆడ కౌన్సిలర్, ఒక మగ కౌన్సిలర్ కావాలి, సంత రోజు సాయంత్రం దాకా క్లినిక్ తెరిచి ఉంచాలి. సంతకం పెట్టేవాళ్లు ఆదివారంలోపు పేరు, మండలం పంపండి. ఎవరి జబ్బు సంగతీ గ్రూపులో రాయొద్దు.