వీడ్కోలు కూడా వైద్యమే

రోగం సాధ్యమో, అసాధ్యమో తెలుసుకొని చికిత్సకు పూనుకోవాలని చరక సంహిత సూత్రస్థానం పదవ అధ్యాయం బోధిస్తున్నది. మూగజీవుల విషయంలోనూ ఈ విచక్షణ అవసరమని నా అభిప్రాయం.

మా దుర్గిలో రాతిశిల్పులు పనిచేసే చోట దిక్కులేక పడివున్న కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకొన్నాను. నాలుగవనాడు వాంతులు, నెత్తుటి విరేచనాలు పట్టుకొన్నవి. పశువైద్యులు చూచి పార్వో వ్యాధి అన్నారు. 1978 నుండి లోకమంతటా కుక్కపిల్లలను బలిగొంటున్న వైరస్ ఇది. సెలైనుతో ఒంటిలో నీరు తగ్గకుండా కాపాడడమే ప్రధాన చికిత్స. రెండు రోజులు ఎక్కించినా పిల్ల కోలుకోలేదు.

ఇరుగుపొరుగువారు జాలితో వెల్లుల్లి రసం పోయమన్నారు. నేను ఒప్పుకోలేదు. ఉల్లి, వెల్లుల్లి మనకు ఔషధాలే గాని, కుక్కల ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయి. పైగా వాంతులవుతున్న ప్రాణికి బలవంతంగా ఏది పోసినా ఊపిరితిత్తులలోకి పోవచ్చును. ఆ రాత్రి దానిని వెచ్చని గుడ్డలో చుట్టి, తల నిమురుతూ కూర్చున్నాను. తెల్లవారకముందే కన్నుమూసింది.

పాఠకులకు నా మనవి ఒక్కటే. కుక్కపిల్లను తెచ్చిననాడే పశువైద్యశాలలో చూపించండి. ఆరు నుండి ఎనిమిది వారాల వయస్సులో టీకాలు మొదలుపెట్టించండి. చేయవలసినదంతా చేసినా నిలువని ప్రాణాన్ని మాత్రం చిట్కాలతో వేధించకండి. దాని పక్కన కూర్చోండి. అప్పుడు మనం చేయగల సేవ అదే.