దోషి ఎవరు?



రామ్‌గోపాల్ వర్మ నిర్మించిన 2003 నాటి హిందీ సినిమా ‘డర్నా మనా హై’లో ఆరు భయానక కథలున్నాయి. ఒకదానిలో, చవగ్గా వచ్చాయని కొన్న ఆపిల్ పండ్లు తిన్నవాళ్లు తామే ఆపిల్ పండ్లైపోతారు. చూస్తాం, ఉలిక్కిపడతాం, నిద్రపోతాం.

మన అనంతపురం పల్లెలో బోరు ఎండితే మాత్రం పక్కింటి విధవరాలు చేతబడి చేసిందంటాం! వెయ్యి అడుగుల బోర్లు వేసి నీళ్లు తోడేసింది ఆమెనా, మనమా?

నాతాను దావీదుకు గొఱ్ఱెపిల్ల కథ చెప్పి, దోషి రాజేనని తేల్చాడు. మన పాపం మనకు చూపించని భయం దేవుని భయం కాదు.

దయ్యాల సినిమాలు చూడొద్దని ప్రసంగించి ఊరుకునే తోటి కాపరులారా, ఆ విధవరాలి గడప ఎప్పుడైనా తొక్కామా? ఈ ఆదివారం ఆరాధనకు ముందే వెళ్దాం.