గుకేశ్ కాకపోతే ఆట మానేయాలా?

ఈసారి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను. ఆదివారం తీరిగ్గా చదవండి.

2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను ఓడించి, 18 ఏళ్ళకే గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయిన రోజు మన గ్రూపులో ఎంత సందడో గుర్తుందిగా? దొమ్మరాజు అనే ఇంటిపేరు చూసి "మనవాడే, చెన్నై తెలుగువాడే" అని ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నాం. ఆ తరువాత మా వీధిలోనే అయిదారిళ్ళ పిల్లలు చెస్ క్లాసుల్లో చేరారు. ఇప్పుడు చూస్తే ఒక్కడు తప్ప అందరూ మానేశారు. ఒకరికి టెన్త్ వచ్చింది, ఇంకొకరికి ప్లస్ టూ వచ్చింది.

ఆ మానేసిన వాళ్ళలో ఒకడి పాపం నాది. మన సభ్యుడొకాయన కొడుకుని వెంటబెట్టుకొచ్చి అడిగాడు: "అన్నా, వీడికి జిల్లా పోటీల్లో మొదటి పది మందిలో కూడా చోటు రాలేదు. వచ్చే ఏడు టెన్త్. ఇక మానిపించేయనా?" నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "గుకేశ్ అయ్యేవాడైతే ఈపాటికే తెలిసిపోయేది తమ్ముడూ, మానిపించెయ్" అన్నాను. పిల్లాడు పక్కనే నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు.

ఆ మాట తప్పని ఇప్పుడు అనుకుంటున్నాను. ఎందుకు తప్పో చెప్పాలంటే ఎడ్వర్డ్ లాస్కర్ అనే ఇంజనీరు సంగతి చెప్పాలి. ప్రపంచ ఛాంపియన్ ఇమాన్యుయెల్ లాస్కర్ కాదు, ఈయన వేరు.

ఎడ్వర్డ్ 1885లో అప్పటి జర్మనీలోని కెంపెన్ అనే ఊళ్ళో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. బెర్లిన్‌లో ఇంజనీరింగ్ చదివాడు. చదువుకుంటూనే చదరంగం ఆడాడు. 1911లో చెస్ మీద ఒక పుస్తకం కూడా రాశాడు. 1912లో లండన్ వెళ్ళాడు. అప్పటికి ఆయనకు ఇంగ్లీషు మాట్లాడటం రాదు. కొత్త ఊరు, తెలియని భాష. మన తాతలు పొట్ట చేతబట్టుకుని ఈ ఊళ్ళకు వచ్చినప్పుడు ఎలా ఉండి ఉంటుందో అలాగే. ఆయన నేరుగా చెస్ క్లబ్బుకు వెళ్ళాడు.

అక్కడ ఆయన ఎదురుగా కూర్చున్నది సర్ జార్జ్ థామస్. ఈయనకు జర్మన్ రాదు, ఆయనకు ఇంగ్లీషు రాదు. ఎడ్వర్డ్ 11వ ఎత్తులోనే మంత్రిని, అంటే ఇప్పటి పిల్లలు క్వీన్ అనే పావును, వదిలేసుకున్నాడు. అక్కడి నుంచి ఎదుటి రాజును గడి గడికీ తరుముకుంటూ తన పావుల మొదటి వరుస దాకా లాక్కొచ్చి 18వ ఎత్తుకు ఆట కట్టించాడు. చెస్ నేర్చుకునే పిల్లలకు ఈ ఆటను ఈనాటికీ చూపిస్తారు. అంత ఘోరంగా ఓడిన థామస్ మొహం ముడుచుకోలేదు, ఆట బాగుందని మెచ్చుకున్నాడు. పక్కనున్నవాళ్ళు ఆ మాటను తర్జుమా చేసి చెప్పారని ఎడ్వర్డ్ తరువాత తన పుస్తకంలో రాసుకున్నాడు.

ఈ థామస్ ఎవరో కాదు, బ్యాడ్మింటన్‌లో థామస్ కప్ ఉంది చూడండి, అది ఆయన పేరు మీదే. చెస్‌లో రెండుసార్లు బ్రిటిష్ ఛాంపియన్, బ్యాడ్మింటన్‌లోనూ మేటి. ఆ కప్పునే 2022లో బ్యాంకాక్‌లో ఇండోనేషియాను 3-0తో ఓడించి మన దేశం మొదటిసారి గెలిచింది. ఆ జట్టులో గుంటూరు శ్రీకాంత్ ఉన్నాడు, అమలాపురం సాత్విక్ ఉన్నాడు. యానాంలో ఉండే మన మిత్రులకు అమలాపురం ఎంత దగ్గరో చెప్పక్కర్లేదు.

మళ్ళీ ఎడ్వర్డ్ దగ్గరికి వద్దాం. 1914లో అమెరికా వెళ్ళాడు. షికాగోలో సియర్స్ రోబక్ అనే పెద్ద వ్యాపార సంస్థలో ఉద్యోగం చేశాడు. పనివాళ్ళకు ప్రమాదాలు జరగకుండా చూసే ఇంజనీరు. ఉద్యోగం చేస్తూనే పోటీలు ఆడాడు. ఇప్పుడు యూఎస్ ఓపెన్ అని పిలిచే పోటీని 1916 నుంచి 1921 లోపల అయిదుసార్లు గెలిచాడు. 1923లో అమెరికా ఛాంపియన్ ఫ్రాంక్ మార్షల్‌తో 18 ఆటల మ్యాచ్ ఆడి, ఒక్క పాయింటు తేడాతో, ఎనిమిదిన్నర తొమ్మిదిన్నరతో ఓడిపోయాడు. మరుసటి ఏడు న్యూయార్క్ టోర్నమెంటులో కాపాబ్లాంకా, అలెఖిన్ లాంటి వాళ్ళ మధ్య ఆడాడు. 11 మందిలో పదోవాడు. కానీ ఆ పోటీ గెలిచిన ఇమాన్యుయెల్ లాస్కర్‌ను ఒక ఆటలో 103 ఎత్తుల దాకా నిలబెట్టాడు. ఎడ్వర్డ్ వైపు ఏనుగు, బంటు ఉంటే, అంత పెద్ద ఆటగాడు ఒక్క గుర్రంతో కిందామీదా పడి డ్రా చేసుకున్నాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఈ పోటీలు ఆడుతున్న ఏళ్ళలోనే, 1921-23 మధ్య, ఆయన తల్లిపాలు తీసే యంత్రం ఒకటి తయారు చేశాడు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు రొమ్ము పట్టి తాగే శక్తి ఉండదు. పాలు తీసి పట్టాలి. అప్పటికి ఉన్న పంపులు పాలన్నీ తీయలేకపోయేవి. బిడ్డ ఎలా తాగుతుంది? లాగుతుంది, వదులుతుంది, మళ్ళీ లాగుతుంది. ఎడ్వర్డ్ పంపు ఆ పద్ధతినే అనుసరించింది. పాత వాటికంటే ఇది చాలా మెరుగని డాక్టర్లు అన్నారు. 1927లో పేటెంట్ వచ్చింది. చేతికి డబ్బూ బాగానే వచ్చింది. ఎందరో పసికందులకు అది ప్రాణం పోసింది. ఇవాళ నెలలు నిండని బిడ్డ ఐసీయూలో ఉంటే బయట తల్లి చేతికి ఇచ్చే పంపుకు అది కూడా ఒక పెద్దమ్మ వరసే.

చెస్ ఆడాడు కాబట్టే పంపు కనిపెట్టాడని నేను అనడం లేదు. అలా అంటే, చెస్ నేర్చుకుంటే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని క్లాసులవాళ్ళు వేసే కరపత్రానికీ నా మాటకూ తేడా ఉండదు. నేను అనేది ఇంతే. ఆయన ప్రపంచ ఛాంపియన్ కాలేదు, సొంత దేశపు ఛాంపియన్ కూడా కాలేదు. అయినా ఆట మానలేదు. ఆట మానకపోవడం వల్ల ఆయన పని కుంటుపడలేదు. ఏ ఊరు వెళ్ళినా ఆయనకు కూర్చోవడానికి ఒక కుర్చీ, ఎదురుగా ఒక మనిషి దొరికారు. చెస్ చాలదన్నట్టు గో అనే ఆట కూడా పట్టుకుని, అమెరికాలో దాని సంఘం పెట్టినవాళ్ళలో ఒకడయ్యాడు. 1981లో న్యూయార్క్‌లో పోయేనాటికి ఆయన వయసు 95.

మన ఆలోచనలో రెండే దారులున్నాయి. గుకేశ్ కావాలి, లేదా మానేయాలి. గుకేశ్ వాళ్ళ నాన్నగారు ఈఎన్‌టీ సర్జన్, కొడుకు వెంట తిరగడానికి ప్రాక్టీసు పక్కన పెట్టారు. అమ్మగారు మైక్రోబయాలజిస్టు, ఇల్లు నడిపారు. అది ఆ కుటుంబం చేసిన సాహసం. అందరం చేయలేం, చేయక్కర్లేదు కూడా. కానీ దాని పక్కనే మూడో దారి ఒకటి ఉంది. చదువు చదువుకుంటూ, ఉద్యోగం చేసుకుంటూ, వారానికి ఒక పూట బోర్డు ముందు కూర్చునే దారి. గెలిచినా ఓడినా జీవితాంతం సాగే దారి.

"పరీక్షల ఏడాదిలో ఆటేమిటండీ" అంటారు. నిజమే, ఆ ఏడాది తగ్గించండి. రోజుకు రెండు గంటలు ఆడేవాడు వారానికి రెండు గంటలు ఆడతాడు. తగ్గించడం వేరు, మాన్పించడం వేరు. మనం పిల్లల చేత మాన్పించాక ఆ రెండు గంటలూ వాళ్ళు పుస్తకం ముందు కూర్చుంటున్నారా, ఫోన్ ముందు కూర్చుంటున్నారా అన్నది మీ ఇంట్లో మీరే చూసుకోండి.

ఇంకో మాట. మన పిల్లలు రేపు బెంగళూరో, పుణేనో, సముద్రం అవతలికో వెళ్తారు. మన తాతలకు కొత్త ఊళ్ళో ఒక భజన మందిరం, ఒక సంఘం ఆసరా అయ్యాయి. వీళ్ళకు ఆసరా ఏది? భాష రాకపోయినా ఎదుటి మనిషితో రెండు గంటలు కూర్చోగలిగే విద్య చేతిలో ఉన్నప్పుడు దాన్ని మనమే లాక్కోవడం ఏం న్యాయం?

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక ప్రతిపాదన పెడుతున్నాను. ఆదివారం సాయంత్రం రెండు గంటలు మన హాలు ఆటకు తెరవాలి. వయసు నిబంధన వద్దు, తాతలూ రావచ్చు. ఉగాది రోజు మార్కులు తెచ్చుకున్నవాళ్ళకు ఇచ్చే బహుమతుల పక్కన, ఏడాదంతా ఆటకు వచ్చినవాళ్ళకూ ఒక బహుమతి ఉండాలి. ఓడినవాళ్ళకు కూడా. బోర్డులు నేను కొనిస్తాను.

మొదటి ఆదివారం ఆ అబ్బాయిని నేనే వెళ్ళి పిలుచుకొస్తాను. వాళ్ళ నాన్నకు ఇది చదివాకే తెలుస్తుంది. తమ్ముడూ, ఆ రోజు నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మీరేమంటారో కింద రాయండి.