పరాయి నేలపై నిలిపిన బండి

జానెడు నేల విలువ ఎంతో తెలిసిన ఊరు పాలకుర్తి. విసునూరు దేశ్‌ముఖ్ బలగానికి వెరవక, తాను సాగుచేసుకొన్న భూమికోసం, పండించుకొన్న పంటకోసం చిట్యాల ఐలమ్మ పోరాడినది ఈ గడ్డపైనే. దేశి కవితకు పట్టం కట్టిన పాల్కురికి సోమనాథుని పేరులో నిలిచిన ఊరూ ఇదే. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలో ఉండి, 2016లో జనగామ జిల్లాలో చేరిన ఈ ప్రాంతం నుంచి నేటి యువతీయువకులు చదువులకోసం, కొలువులకోసం విదేశాలకు వెళ్తున్నారు. వారిని చూడడానికి తల్లిదండ్రులు, తోబుట్టువులు కూడా విమానమెక్కుతున్నారు. అలా వెళ్ళినవారిలో కారు నడపడం వచ్చినవారు అక్కడి వీథులలోనూ స్టీరింగు పట్టాలని ముచ్చటపడడం సహజం.

ఆ ముచ్చట తప్పు కాదు. అయితే పరాయి దేశంలో బండి నడిపే నేర్పు కొన్నాళ్ళకు ఎవరికైనా అలవడుతుంది. బండిని ఎక్కడ, ఎంతసేపు, ఎట్లా నిలపాలో తెలిసికొని మసలుకొనే సంస్కారం మాత్రం అంత సులభంగా అలవడదు. నడిచే బండి దారిని క్షణకాలం వాడుకొంటుంది. నిలిచిన బండి పదిమందికీ చెందిన నేలను ఆక్రమించుకొని కూర్చుంటుంది. అందువల్ల వాహనదారుని నాగరికతను కొలిచే కొలబద్ద అతని వేగం కాదు, అతడు బండి నిలిపే తీరు.

మొదట నడక సంగతి చూద్దాం. విదేశంలో వాహనం నడపగోరేవారికి మన ప్రాంతీయ రవాణా కార్యాలయాలు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను ఇస్తాయి. 1949లో జెనీవాలో కుదిరిన రహదారి రవాణా ఒప్పందం దీనికి ఆధారం. దీని గడువు ఏడాదికి మించదు. ఇది స్వతంత్రమైన లైసెన్సు కాదు. స్వదేశపు లైసెన్సులోని వివరాలను ఇతర దేశాలవారికి తెలియజెప్పే అనువాదపత్రం మాత్రమే. కాబట్టి అసలు లైసెన్సు కూడా వెంట ఉండవలసిందే. బ్రిటన్ సందర్శకులను వారి దేశపు లైసెన్సుతోనే పన్నెండు నెలల వరకు నడపనిస్తుంది. అమెరికాలో ఏ రాష్ట్రం నియమాలు ఆ రాష్ట్రానివే. ఒక రాష్ట్రంలో చెల్లినది పక్క రాష్ట్రంలోనూ చెల్లుతుందనుకోవడం పొరపాటు.

ఇక దారిలో ఏ పక్క నడవాలన్నది మరొక చిక్కు. భారతదేశం, బ్రిటన్, జపాన్, సింగపూర్, ఆస్ట్రేలియాలలో వాహనాలు ఎడమ పక్కన నడుస్తాయి. అమెరికా, ఫ్రాన్స్, జర్మనీ, గల్ఫ్ దేశాలలో కుడి పక్కన నడుస్తాయి. 1967 సెప్టెంబరు 3న స్వీడన్ దేశం యావత్తూ ఎడమ నుంచి కుడికి మారింది. 2009లో సమోవా అనే చిన్న ద్వీపదేశం కుడి నుంచి ఎడమకు మారింది. ఒక దేశం మొత్తం మారవలసి వచ్చినప్పుడు ప్రభుత్వాలు ముందుగా ప్రజలను సిద్ధం చేశాయి. విమానం దిగిన సందర్శకునికి ఆ అవకాశం లేదు. ఏళ్ళ తరబడి ఒంటికి పట్టిన అలవాటును అతడు ఒక్క రోజులో తిరగవేసుకోవాలి. ప్రయాణపు బడలిక తీరకముందే బండి తీయకపోవడం, మొదటి రోజులలో తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకోవడం పిరికితనం కాదు, వివేకం.

అమెరికా కూడళ్ళలో ‘స్టాప్’ అన్న ఎర్రని పలక ఉంటే, చుట్టుపక్కల నరమానవుడు కనిపించకపోయినా బండి పూర్తిగా ఆగాలి. పిల్లలను దింపడానికి బడి బస్సు ఎర్రదీపాలు మినుకుమినుకుమనిపిస్తూ ఆగితే, నడుమ విభాగిని లేని దారిలో ఎదురుగా వచ్చే వాహనాలు కూడా ఆగవలసిందే. ఎవరూ చూడనిచోట కూడా ఆగడం, ఎవరి బిడ్డలో తెలియని పిల్లలకోసం ఆగడం – ఈ రెండింటిలోనే రహదారి ధర్మమంతా ఇమిడి ఉన్నది.

ఇంతవరకు శ్రద్ధ గల వ్యక్తి ఎవరైనా నేర్చుకోగలడు. అసలు పరీక్ష బండి నిలపవలసి వచ్చినప్పుడు మొదలవుతుంది. పాలకుర్తి నుంచి కొడుకు ఇంటికి వెళ్ళిన తండ్రి ఒకరు కాలిఫోర్నియాలోని ఒక నగరంలో కూరగాయలకోసం బయలుదేరాడనుకొందాం. అంగడి ముందు కాలిబాట అంచున ఖాళీ కనిపిస్తుంది. మనసు అక్కడే బండి ఆపమంటుంది. కాని ఆ అంచుకు రంగు పూసి ఉంటుంది. ఎరుపైతే అసలు ఆగరాదు. పసుపైతే సరకులు దింపే బండ్లకు. తెలుపైతే మనుషులను ఎక్కించుకొని దింపే కొద్దిసేపటికి. ఆకుపచ్చైతే రాసి ఉన్న నిమిషాల వరకే. నీలమైతే వికలాంగులకు. నిప్పార్పే గొట్టానికి 15 అడుగుల దూరంలోపు రంగు లేకపోయినా బండి పెట్టరాదు. శాన్‌ఫ్రాన్సిస్కో వంటి ఎగుడుదిగుడు నగరంలో, బండి జారినా కాలిబాట అంచు అడ్డుకొనేటట్లు ముందు చక్రాలను తిప్పి మరీ నిలపాలి.

చూడడానికి ఇవన్నీ గజిబిజి నిషేధాలుగా తోస్తాయి. తరచి చూస్తే ప్రతి నియమం వెనుకా కంటికి కనిపించని మనిషి ఒకడు ఉన్నాడు. గొట్టం దగ్గరి ఖాళీ, ఇల్లు కాలుతున్నవానిది. నీలిరంగు చోటు, చక్రాల కుర్చీ దిగలేనివానిది. పసుపు అంచు, బరువులు మోసే కూలివానిది. ‘ఒక్క నిమిషమే కదా’ అని అక్కడ బండి నిలిపినవాడు చట్టాన్నే కాదు, ఆ మనిషిని కూడా తోసివేస్తున్నాడు.

డబ్బు చెల్లించి బండి నిలిపే పద్ధతి వెనుక కూడా ఇటువంటి ఆలోచనే ఉన్నది. ప్రపంచంలో మొదటి పార్కింగ్ మీటరును 1935 జూలైలో అమెరికాలోని ఓక్లహోమా నగరంలో నాటారు. కొందరు ఉదయం నిలిపిన కార్లను సాయంత్రం దాకా తీయకపోవడంతో అంగళ్ళకు వచ్చేవారికి చోటు దొరకని పరిస్థితి ఏర్పడింది. ఆ చోటు ఒకరి తరువాత ఒకరికి అందాలన్నదే మీటరు ఉద్దేశం. తరువాతి కాలంలో నగరాలు ఇంకా ముందుకు వెళ్ళాయి. సింగపూర్ 1975లోనే నగర మధ్యభాగంలోకి వచ్చే కార్లపై రుసుము విధించింది. లండన్ 2003లో అదే బాట పట్టింది. జపాన్‌లో 1962 నాటి చట్టం ప్రకారం, కారు కొనేవాడు దానిని నిలుపుకోవడానికి తనకు చోటున్నదని రుజువు చూపాలి. పారిస్ నగరం 2024లో ప్రజాభిప్రాయం సేకరించి, బయటినుంచి వచ్చే బరువైన కార్లకు పార్కింగ్ రుసుమును మూడు రెట్లు చేసింది.

ఈ నగరాలన్నీ చెప్పకనే ఒక మాట చెబుతున్నాయి. అతిథిని ఆహ్వానిస్తాయి, అతని కారును కాదు. లండన్, పారిస్, సింగపూర్ వంటి చోట్లకు వెళ్ళినవారు రైలునో బస్సునో ఆశ్రయించడం మేలు. బ్రిటన్‌లోని ఆక్స్‌ఫర్డ్ వంటి పట్టణాలలో ఊరి వెలుపల కార్లు నిలిపి బస్సులో లోపలికి వెళ్ళే ఏర్పాటు 1970ల నుంచీ ఉన్నది. అద్దెకారు తీసికొన్నవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. జరిమానా పడితే ఆ విషయం ఆ రోజే తెలియకపోవచ్చు. స్వదేశానికి తిరిగివచ్చిన తరువాత కూడా, అద్దె సంస్థ వసూలు చేసే అదనపు రుసుముతో కలిసి అది బ్యాంకు కార్డు ఖాతాకు ఎక్కుతుంది.

ఇక్కడ ఒక ప్రశ్న తలెత్తుతుంది. విదేశంలో రంగు గీతను చూసి వెనుదిరిగిన ఆ తండ్రి, ఊరికి తిరిగివచ్చాక ఎట్లా నడుచుకొంటాడు? హైదరాబాదులో దుకాణం మెట్ల ముందు, ఆసుపత్రి గేటు ముందు, కాలిబాటపైన బండి నిలిపి నిశ్చింతగా వెళ్ళిపోతే, విదేశంలో అతడు చూపినది మర్యాద కాదు, కేవలం భయం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రచ్చ గెలిచి ఇంట ఓడిపోవడం ఏమి గొప్ప?

అక్కడ వసతులున్నాయి, ఇక్కడ లేవు అని కొందరు సమాధానం చెబుతారు. ఈ వాదంలో సత్యం లేకపోలేదు. మన పట్టణాలలో గీతలు చెరిగిపోయి ఉంటాయి. గుర్తులు కనిపించవు. నిలపడానికి చోటు చూపకుండానే భవనాలు లేచిపోతాయి. వీటిని సరిదిద్దవలసిన బాధ్యత ప్రభుత్వాలది, పురపాలక సంఘాలది. ఆ బాధ్యతను పౌరుల మీదికి నెట్టడం న్యాయం కాదు. అయితే చట్టమే లేదనడం సరికాదు. బహిరంగ స్థలంలో ఇతరులకు ప్రమాదం, అడ్డంకి, అనుచిత అసౌకర్యం కలిగేటట్లు వాహనాన్ని వదలిపెట్టరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ స్పష్టంగా చెబుతున్నది. అంతేకాక, ఆసుపత్రి గేటుకు అడ్డంగా బండి పెట్టరాదని తెలియడానికి రంగు గీత అక్కరలేదు. గీత లేనిచోట గీత గీసుకోవలసినది మనసే.

మహాశివరాత్రికి పాలకుర్తి గుట్టపై సోమేశ్వర లక్ష్మీనృసింహుల సన్నిధికి భక్తులు తండోపతండాలుగా వస్తారు. ఆ గుట్ట గురించి ఒక కథ చెప్పుకొంటారు. వయసు మళ్ళిన భక్తురాలు ప్రదక్షిణ చేయలేక అలసిపోతే, కొండే చీలి ఆమెకు దారి ఇచ్చిందట. కథను నమ్మడం, నమ్మకపోవడం ఎవరి ఇష్టం వారిది. కాని అందులోని నీతిని కాదనగలవారు లేరు. ముసలామె కోసం రాతికొండ పక్కకు తొలగగా, మనిషి తన బండిని నాలుగడుగులు పక్కకు జరపలేడా?

నేటి విద్యార్థులలో చాలామంది రేపు ఏదో ఒక దేశపు వీథిలో కారు నడుపుతారు. అక్కడివారికి వారి భాష తెలియదు, ఊరు తెలియదు, చదువు తెలియదు. వారు నిలిపిన బండి మాత్రం కనిపిస్తుంది. దానిని చూసే ఆ ఊరివారు వారిని అంచనా కడతారు. ఆ రోజుకు కావలసిన శిక్షణ విమానం దిగాక దొరకదు. కళాశాల ద్వారం దగ్గర సైకిలునో మోటారు సైకిలునో నడిచేవారికి అడ్డులేకుండా నిలిపే ఈ రోజునే అది మొదలుకావాలి. జానెడు నేల కోసం ఒక స్త్రీ పోరాడిన గడ్డ మీద పుట్టినవారికి, పదిమంది నేలను గౌరవించాలని వేరొకరు చెప్పనక్కరలేదు.