వ్యోమ్‌తో మళ్లీ కాసేపు

ఈ సంచిక చిన్ననాటి టీవీ గురించి. నా వంతుగా ‘కెప్టెన్ వ్యోమ్’ను మళ్లీ చూశాను. 1998లో దూరదర్శన్‌లో వచ్చిన హిందీ సీరియల్. దర్శకుడు కేతన్ మెహతా, హీరో మిలింద్ సోమన్. కథ జరిగేది 2123లో. అంతరిక్ష జైలు నుంచి పారిపోయిన పన్నెండుమంది నేరస్థుల్ని వ్యోమ్ పట్టుకోవాలి.

మా బాన్సువాడ పిల్లలకు హిందీ పెద్ద అడ్డేం కాదు. బజారుకెళ్తే చెవిన పడేది సగం ఉర్దూనే. అసలు అడ్డంకి యాంటెనా. ఒకడు మిద్దెక్కి పైపు తిప్పుతూ "అచ్చిందారా?" అని అరిస్తే, కిందోళ్లు "ఇంకింత తిప్పు! ఆఁ, గట్లనే ఉండనియ్!" అనేవాళ్లు. బొమ్మ కుదిరి వాడు దిగొచ్చేసరికి ఓ నేరస్థుడు దొరికిపోయేవాడు. అదీ అప్పటిదాకా కరెంటు ఉంటేనే.

ఇప్పుడు చూస్తే గ్రాఫిక్స్ పాత వీడియో గేమ్‌లా ఉన్నాయి. విలన్లు తన్నులు తినేలోపు తెగ మాట్లాడతారు. అయినా ఆపబుద్ధి కాలేదు. ఆ సీరియల్ వచ్చేనాటికి అంతరిక్షం చూసొచ్చిన భారత పౌరుడు రాకేశ్ శర్మ ఒక్కరే, అదీ 1984లో, సోవియట్ నౌకలో. భూకక్ష్యలోకి రెండోవాడుగా శుభాంశు శుక్లా వెళ్లేసరికి 2025 వచ్చింది. మన పేరున్న కెప్టెన్ సొంత నౌక నడపడమే అప్పట్లో అసలైన సైన్స్ ఫిక్షన్. గ్రాఫిక్స్ ఎంత నాసిగా ఉన్నా ఆ ఊహకు నేను మార్కులేస్తాను.

తెలుగువాళ్లకు ఈ రుచి ముందే తెలుసు. 1991లోనే సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’లో బాలకృష్ణను రాయలవారి కాలానికీ, 2504కూ తిప్పి తెచ్చారు. మా ఇంటి పిల్లలకు రెండూ చూపించాను. టైమ్ మెషీన్‌కు మంచి మార్కులే పడ్డాయి. వ్యోమ్‌ను మాత్రం స్పీడు పెంచుకుని చూశారు.