ఊపిరిని కొలిచే విద్య

ప్రభుత్వ కార్యాలయంలో మూడు దశాబ్దాలకు పైగా గుమాస్తాగా పనిచేసిన మాకు ఒక సంగతి బాగా తెలుసు. మనిషి నోటితో చెప్పుకున్న కష్టం కంటే కాగితం మీద 'రిమార్కులు' అనే గడిలో ఎవరో రాసిన రెండు మాటలకే బలం ఎక్కువ. ఆ గడి చూసే పై అధికారి సంతకం చేస్తాడు. ఫైలు కదలడమైనా, ఆగడమైనా దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఉద్యోగం విడిచి ఏళ్ళు గడిచిన తరువాత అదే గడి మళ్ళీ మా కంటబడింది. ఈసారి అది ఆసుపత్రి రిపోర్టులో ఉన్నది.

మా పేటలో పరుపులు కుట్టే ఒక దూదేకుల తాత ఉన్నాడు. యౌవనంలో తండ్రి వెంట ఊరూరా తిరిగి వింటితో దూది ఏకిన మనిషి. ఆ పని గిట్టుబాటు కాకపోవడంతో ఇరవై యేళ్ళకు పైగా పత్తి జిన్నింగు మిల్లులో కూలి చేశాడు. ఇప్పుడు నాలుగు మెట్లు ఎక్కితే గోడ పట్టుకొని నిలబడిపోతున్నాడు. ఆయనను వెంటబెట్టుకొని ఒక ఆసుపత్రికి వెళ్ళాము. అక్కడ శిక్షణలో ఉన్న ఒక యువకుడు ఆయన నోట గొట్టం పెట్టి "గట్టిగా ఊదు" అన్నాడు. తాత దీపం ఆర్పినట్లు ఉఫ్ అని ఊది ఆపేశాడు. మరొకసారి కూడా అంతే. రెండుసార్లతో పరీక్ష ముగిసింది. 'రోగి సరిగా సహకరించలేదు' అని రిమార్కుల గడిలో రాశారు. డాక్టరుగారి చీటీ మీద ఉబ్బసం అని పడింది. ఏ పని చేసేవాడివని తాతను ఎవరూ అడగలేదు.

ఆ యువకుడి మీద మాకు కోపం లేదు. అతని వెనుక గురువు ఎవరూ నిలబడి లేరు. శ్వాస చికిత్స చదివే విద్యార్థులకు గుండెను, ఊపిరితిత్తులను పరీక్షించడం ఎలా నేర్పుతున్నారన్నదే మా ప్రశ్న. ఈ కోర్సులు మన రాష్ట్రాలలో కూడా నడుస్తున్నాయి. ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం చదివిన మన పిల్లలు వాటిలో చేరుతున్నారు. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం చేసిన చట్టం ఈ వృత్తిని కూడా తన పరిధిలోకి తీసుకున్నది. కరోనా కాలంలో వెంటిలేటర్ల కొరత గురించి దేశమంతా మాట్లాడుకున్నది గాని, వాటిని నడపగల చేతుల కొరతను అంతగా పట్టించుకోలేదు. ఈ వృత్తి అంటే వెంటిలేటరు తిప్పడమేనని చాలామంది అనుకుంటున్నారు. అసలు చికిత్స దాకా వెళ్ళేముందు రోగి స్థితిని సరిగా కొలిచి వైద్యునికి అందించడం ఇందులో సగం పని. రోగనిర్ణయం వైద్యునిదే. అయితే తప్పుడు కొలత చేతికి వచ్చిన వైద్యుడు ఎంతటివాడైనా ఏం చేయగలడు?

స్పైరోమెట్రీ పరీక్షనే చూద్దాం. 1846లో జాన్ హచిన్‌సన్ అనే ఆంగ్ల వైద్యుడు దీనిని ప్రపంచానికి వివరంగా పరిచయం చేశాడు. అప్పటి నుంచి యంత్రం ఎంతో మారింది, పరీక్ష స్వభావం మాత్రం మారలేదు. రక్తపరీక్షకు రోగి చేయి చాపితే చాలు. ఇక్కడ రోగి తన శక్తి కొద్దీ ఊదితేనే నిజమైన అంకె వస్తుంది. ఆ శక్తిని బయటికి రప్పించే బాధ్యత పరీక్ష చేసేవారిది. అమెరికా, యూరప్ శ్వాసకోశ వైద్య సంఘాలు 2019లో కలిసి ప్రకటించిన ప్రమాణాల ప్రకారం కనీసం మూడుసార్లు సరైన పద్ధతిలో ఊదించాలి. వాటిలో మేలైన రెండు ఫలితాల మధ్య తేడా పెద్దవారిలో 150 మిల్లీలీటర్లకు మించరాదు. అది కుదరకపోతే సాధారణంగా ఎనిమిది ప్రయత్నాల దాకా ఓపిక పట్టాలి. యంత్రం సరిగా ఉన్నదో లేదో 3 లీటర్ల సిరంజితో ముందే సరిచూసుకోవాలి. చెప్పులు విప్పించి ఎత్తు కొలవాలి. ఎంత గాలి రావాలో యంత్రం లెక్కగట్టేది ఎత్తు, వయసు, స్త్రీ పురుష భేదాలను బట్టి కాబట్టి ఇది చాదస్తం కాదు.

దీపం ఆర్పినట్లు ఊదితే నష్టమేమిటని పాఠకులు అడగవచ్చు. మొదటి సెకనులో బయటికి వచ్చిన గాలి, మొత్తం వచ్చిన గాలిలో ఎంత భాగమన్నది ఈ పరీక్షలో కీలకం. గొట్టాలు ఇరుకైన మనిషికి గాలి నెమ్మదిగా, చాలాసేపు వస్తూనే ఉంటుంది. మధ్యలో ఆపేస్తే మొత్తం తగ్గిపోయి ఆ నిష్పత్తి ఉన్నదాని కంటే మెరుగ్గా కనిపిస్తుంది. అంటే జబ్బు దాక్కుంటుంది. పైగా గొట్టాలు తెరిపించే మందు పీల్పించి, పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ ఊదించాలి. మందు తరువాత కూడా నిష్పత్తి 0.70 కంటే తక్కువగానే ఉంటే అది మామూలు ఉబ్బసం కాక, శాశ్వతంగా గొట్టాలు ఇరుకైన జబ్బు కావచ్చునని వైద్యులు ఆలోచిస్తారు. మా తాతకు ఆ రెండో విడత జరగనే లేదు. కనుక 'ఉబ్బసం' అన్న మాట అంచనాయే గాని నిర్ణయం కాదు.

అడగని ప్రశ్న మరీ విలువైనది. పత్తి దుమ్ము పీల్చేవారికి వచ్చే జబ్బును వైద్యులు బిస్సినోసిస్ అంటారు. దాని గుర్తు విచిత్రమైనది. వారాంతపు సెలవు తరువాత పనిలోకి వెళ్ళిన మొదటి రోజున ఛాతీ బిగుసుకుపోతుంది, వారం గడిచేకొద్దీ కొంత తేలికపడుతుంది. ఏళ్ళు గడిస్తే అన్ని రోజులూ ఒకటే అవుతాయి. దుమ్ము పడని పని అయితే పని మొదటి రోజునే అధ్వానంగా ఉండవలసిన అవసరమేమున్నది? ఇంగ్లండులోని లాంకషైరు మిల్లు కార్మికులలో ఈ 'సోమవారపు ఆయాసాన్ని' బట్టే 1950ల నాటి పరిశోధకులు జబ్బును మెట్లుగా విభజించారు. కనుక ఆ మొదటి రోజున, పనికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి ఊదించి చూడాలి. మేము తాతను ఇంటికి వచ్చాక అడిగాము. "ఆదివారం సెలవు గదా, సోమవారం వస్తుందంటేనే గుండెల్లో రాయి పడేది, గురువారానికి నయమయ్యేది" అన్నాడు. ఈ వాక్యం ఏ కాగితంలోనూ లేదు.

ఇది మన సమాజానికి దూరపు విషయం కాదు. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అని ఏ పేరుతో పిలిచినా వారి కులవృత్తి దూదితోనే. పరిహార చట్టమనేది 1923లోనే వచ్చింది. దాని మూడవ షెడ్యూలులోని వృత్తి వ్యాధులలో పత్తి దుమ్ము వల్ల వచ్చే ఈ జబ్బు, రాతి దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ చేరాయి. చట్టంలో చోటు ఉన్నా, ఊపిరితిత్తుల రిపోర్టులో 'సహకరించలేదు' అని ఉంటే ఆ చోటు ఎవరికీ ఉపయోగపడదు. రిమార్కుల గడి రాసేది ఇరవై యేళ్ళ విద్యార్థి. తన చేతిలో ఒక కుటుంబపు హక్కు ఉన్నదని అతనికి చెప్పవలసింది అతని గురువులు.

కొలత అనేది నిష్పక్షపాతమని నమ్మడం సులభం. అయితే అదే స్పైరోమీటరును అడ్డం పెట్టుకొని 1851లో అమెరికాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే వైద్యుడు నల్లజాతి బానిసల ఊపిరి పుట్టుకతోనే తక్కువని, పనే వారికి ఆరోగ్యమని వాదించాడు. ఆ భావన రూపం మార్చుకొని, జాతిని బట్టి అంకెను తగ్గించి చూసే 'సవరణ'గా యంత్రాలలో చాలాకాలం నిలిచింది. 2023లో గాని అమెరికా శ్వాసకోశ వైద్య సంఘం జాతితో నిమిత్తం లేని సూత్రాన్ని సిఫారసు చేయలేదు. మన దేశంలో ఢిల్లీ, ముంబై, మద్రాసు పరిశోధకులు వేర్వేరు సూత్రాలు ఇచ్చారు. ఒక కార్మికుడు 2 లీటర్ల గాలి ఊదాడనుకుందాం. అతనికి 2.4 లీటర్లు రావాలనే సూత్రం పెడితే 83 శాతం, 2.8 రావాలనే సూత్రం పెడితే 71 శాతం. ఊపిరి ఒకటే, ఫలితాలు రెండు. యంత్రంలో ఏ సూత్రం పెట్టి ఉన్నదో చూసి రిపోర్టు మీద రాయడం విద్యార్థికి మొదటి నెలలోనే అలవాటు కావాలి. వేలికి తగిలించే ఆక్సీమీటరు సంగతీ అంతే. చర్మం నల్లగా ఉన్నవారిలో ప్రాణవాయువు నిజంగా పడిపోయినా అది పట్టుకోలేకపోవడం తెల్లవారి కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020లో అమెరికాలో వెలువడిన అధ్యయనం తేల్చింది. చల్లబడిన వేళ్ళు, గోళ్ళ రంగు కూడా దానిని మోసగిస్తాయి. అంకె బాగున్నా మనిషి రొప్పుతుంటే ధమని రక్తం తీసి పరీక్షించవలసిందేనని వైద్యునికి చెప్పే ధైర్యం శిక్షణ వల్లనే వస్తుంది.

ఆయాసమంతా ఊపిరితిత్తులదే కాదు. పడుకుంటే ఎక్కువై లేచి కూర్చుంటే తగ్గే ఆయాసం, పాదాల వాపు, మెడ నరం ఉబ్బడం గుండె వైపు చూడమంటాయి. ఏళ్ళ తరబడి పాడైన ఊపిరితిత్తులు చివరకు గుండె కుడివైపును కూడా అలసిపోయేలా చేస్తాయి. ఆ రెంటి మధ్య రక్తం నడిచే దారిని పదమూడవ శతాబ్దంలోనే ఇబ్న్ అన్-నఫీస్ వర్ణించాడని మన సభలలో వక్తలు చెప్పినప్పుడల్లా చప్పట్లు మోగుతాయి. మేమూ కొట్టాము. ఆ చప్పట్లు కొట్టిన తండ్రులలో ఎందరు తమ కుమార్తెలను ఈ చదువులో చేర్చారో మాత్రం లెక్క అడగాలని ఉన్నది.

కుమార్తెలను అని ఊరకే అనలేదు. ఇ.సి.జి. తీయాలంటే ఛాతీ మీద పక్కటెముకల సందులు వేలితో లెక్కపెట్టి ఆరు చోట్ల తీగలు అతికించాలి. చోటు తప్పితే లేని జబ్బు కనిపించవచ్చు, ఉన్నది దాగవచ్చు. మన స్త్రీలు సిగ్గుపడతారని పైపైన అతికించి పంపేసిన సందర్భాలు మా చెవిన పడ్డాయి. 1816లో పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడు ఒక యువతి ఛాతీకి చెవి ఆనించడానికి సంకోచించి, కాగితాన్ని గొట్టంలా చుట్టి విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. ఆమె మర్యాదను కాపాడుతూనే ముందుకంటే బాగా వినగలిగాడు. తెర, దుప్పటి, పక్కన ఒక ఆడమనిషి, చేయబోయేది ముందే రోగి భాషలో చెప్పడం — వీటికి ఖర్చేమీ లేదు. "జోర్ సే ఫూంకో, ఔర్ ఫూంకో, రుకో నక్కో" అని దక్కనీలో అరిచి ఊదించగల విద్యార్థిని ఒక్కరుంటే సగం 'సహకరించలేదు'లు మాయమవుతాయని మా నమ్మకం.

పిల్లలను చేర్చబోయే తల్లిదండ్రులు రంగురంగుల కరపత్రం చూసి డబ్బు కట్టవద్దు. కాలేజీకి సొంత ఆసుపత్రి ఉన్నదా, లేక ఎర్రగడ్డ, విశాఖ ఛాతీ ఆసుపత్రుల వంటి చోట్లకు పిల్లలను పంపుతారా? డిగ్రీ ఏ విశ్వవిద్యాలయం పేరిట వస్తుంది? విద్యార్థి సొంతంగా ఎంతమంది రోగుల చేత ఊదిస్తాడు, ఆ గీతలను గురువు కూర్చొని దిద్దుతాడా? వీటికి సూటిగా జవాబు రాకపోతే లేచి రండి. ప్రభుత్వాన్ని మేము కోరేది ఒకటే: రోగి వృత్తి చరిత్రను అడిగి రాయడం ప్రతి విద్యార్థికి ప్రాక్టికల్ పరీక్షలో మార్కులున్న అంశం కావాలి. మార్కులు లేనిది ఏ విద్యార్థీ నేర్చుకోడు, ఇది మా కాలం నుంచీ ఉన్నదే.

తాతను కిందటి నెల మరొక ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. అక్కడ చివరి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి ముందు తానే ఊది చూపించింది. "తాతా, ఆపొద్దు, ఇంకా ఉన్నది, ఇంకా" అంటూ ఆయన భుజం పక్కనే నిలబడింది. ఐదవసారికి గీత సరిగా వచ్చింది. మందు పీల్పించి పదిహేను నిమిషాలు బయట బల్ల మీద కూర్చోబెట్టినప్పుడు, ఏం పని చేసేవారని అడిగి అంతా రాసుకున్నది. ఆయన పనిచేసిన మిల్లు మూతపడి చాలా ఏళ్ళయింది. పరిహారం అడగడానికి యజమాని ఎవరో కూడా తెలియదు. రిపోర్టు మాత్రం మా దగ్గర భద్రంగా ఉన్నది. రిమార్కుల గడిలో 'పత్తి మిల్లు, ఇరవై రెండేళ్ళు, సోమవారాలు ఎక్కువ' అని ఉన్నది.