ఓడినప్పుడు రాని ‘టెక్నికల్ ఎర్రర్’



సెకండ్ షిఫ్టు చేసి వచ్చిన ఓ కాంట్రాక్టు కార్మికుడు మొన్న మా అరుగు మీద కూర్చొని ఫోన్ నా చేతికిచ్చాడు. ఓ క్యాసినో యాప్ అది. బంగారు రంగులో 3,82,400 రూపాయల జాక్‌పాట్, కిందే ఎర్ర అక్షరాల్లో ‘టెక్నికల్ ఎర్రర్, చెల్లింపు నిలిపివేత’. లోపం తీయాలంటే ముందు పన్ను కట్టమన్నారట. 12 వేలు యూపీఐలో పంపాడు. అంతే, మళ్లీ జవాబు లేదు. ‘ఠాణాకు పోదాం పా’ అంటే, ‘వద్దు కాకా, ఆడినందుకు నన్నే లోపలేస్తరు’ అన్నాడు.

నేను 31 ఏళ్లు బొగ్గు బాయిలో చేసిన. హాలేజ్ ఆగినా, పంపు చెడినా ఎన్ని గంటలకు, ఎందుకు అన్నది పుస్తకంలో రాయాల్సిందే. ఈ యాప్‌ల లోపానికి రాత లేదు, లెక్క లేదు. పైగా అది మనిషి గెలిచిన పూటే వస్తుంది. ఓడిన వంద ఆటల్లో ఒక్కసారైనా ‘మా మెషిన్ తప్పు, మీ పైసలు తీసుకోండి’ అన్నదా?

బ్రిటన్‌లో 2018లో బ్లాక్‌జాక్‌లో 17 లక్షల పౌండ్లకు పైగా గెలిచిన వ్యక్తికి బెట్‌ఫ్రెడ్ సంస్థ ఇదే కారణం చెప్పి ఎగ్గొట్టబోయింది. ఆయన హైకోర్టుకెక్కి 2021లో నెగ్గాడు. మనకా దారి లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెంలో గెలిచిన సొమ్ముకు దావా చెల్లదు. తెలంగాణలో 2017 నుంచే ఆన్‌లైన్ జూదం నిషేధం. జాక్‌పాట్ ఇప్పించమని నేనడగడం లేదు. కానీ పన్ను పేరుతో గుంజిన ఆ 12 వేలు పందెం కాదు, పచ్చి మోసం. మోసంగానే కేసు రాయాలి.

2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఇలాంటి ఆటలు నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా పెట్టింది. ఆడినవాళ్లకు శిక్ష పెట్టలేదు. ఈ సంగతి మా కార్మికవాడల్లో ఎంతమందికి తెలుసు? రాష్ట్ర గేమింగ్ చట్టం తమ మెడకు చుట్టుకుంటుందేమోనని జంకుతూ కూర్చుంటే, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి సొమ్మును ఆపించుకునే మొదటి గంటలు కాస్తా గడిచిపోతున్నాయి.

ఫిర్యాదు చేసినవారి మీద జూదమాడిన కేసు పెట్టబోమని రామగుండం పోలీసులు రాతపూర్వకంగా ప్రకటించాలి. ఆ కాగితాన్ని సింగరేణి ప్రతి బాయి మస్టర్ దగ్గర అంటించాలి. అదీ సంస్థ కార్మికులకు పంచే లాభాల వాటా పడకముందే. 2025లో కార్మికులకు 819 కోట్ల వాటా ప్రకటించారు. అంత డబ్బు ఒక్కసారి ఖాతాల్లో పడే వారమే ఈ యాప్‌ల వాళ్లకు పండుగ.

ఆ కాగితం వచ్చిన రోజు ఆ పిల్లవాణ్ని నేనే వెంటబెట్టుకొని ఠాణాకు పోతాను.

– ఓ విశ్రాంత సింగరేణి కార్మికుడు,
గోదావరిఖని, పెద్దపల్లి జిల్లా